12 మి.మీ. మెత్తదనం, 4 మి.మీ. పట్టు: ఎనిమిదేళ్ళలో నేను వాడిన యోగా మ్యాట్లు

2025 జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవపు ప్రధాన కార్యక్రమం మా విశాఖపట్నం సముద్రతీరంలో జరిగిన నాటి నుంచి, మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ దగ్గర కలిసినవారిలో కనీసం నలుగురు నన్ను ఒకే ప్రశ్న అడిగారు: ఏ యోగా మ్యాట్ కొనమంటారు? నిలబడి రెండు నిమిషాల్లో చెప్పగలిగిన జవాబు కాదు కనుక, ఇన్నేళ్ళలో కొన్న మూడు మ్యాట్ల గురించీ, వాటికి తోడుగా వచ్చిన ఒక జంపఖానా గురించీ ఇక్కడ వివరంగా రాస్తున్నాను. నా మాటను మీరు ఎంతవరకు తీసుకోవాలో తేల్చుకోవడానికి నా వివరాలు కొన్ని చెప్పాలి. నా వయసు 54. ఎత్తు అయిదడుగుల నాలుగు అంగుళాలు. కుడి మోకాలు కొంచెం ఇబ్బంది పెడుతుంది. వారానికి ఆరు రోజులు, తెల్లవారుజామున, నున్నటి విట్రిఫైడ్ టైల్స్ పరిచిన గదిలో యాభై నిమిషాలు ఆసనాలు వేస్తాను. అన్నిటికన్నా ముఖ్యంగా, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా మా ఊళ్ళో ఫ్యాన్ కింద కూర్చున్నా అరచేతులు తడిగానే ఉంటాయి. హైదరాబాదులోనో అనంతపురంలోనో పొడి గాలిలో సాధన చేసేవారికి నా అనుభవం కొంత వేరుగా కనిపించవచ్చు.

2017లో కొన్న మొదటి మ్యాట్ 12 మిల్లీమీటర్ల మందం ఉన్న నురగ (ఫోమ్) మ్యాట్. ధర 650 రూపాయలు. దుకాణంలో కుర్రవాడు దాన్ని బల్లమీద పరిచి, మోచేత్తో నొక్కి చూపిస్తూ, "మేడమ్, మోకాళ్ళ నొప్పులున్నాయంటున్నారు కదా, ఇది తీసుకోండి, పరుపు మీద కూర్చున్నట్టే ఉంటుంది" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. నిజంగానే అది పరుపులా ఉండేది, చిక్కంతా అక్కడే వచ్చింది. పరుపు మీద ఒంటికాలిమీద నిలబడి చూడండి. వృక్షాసనంలో నా పాదం కింద నేల అటూ ఇటూ కదులుతున్నట్టుండేది. చీలమండ నిలకడ కోసం పెనుగులాడుతుంటే, చూపును ఒక బిందువు మీద నిలపడం మాట దేవుడెరుగు. చేతులూ పాదాలూ నేలకు ఆనించి నడుము పైకెత్తే అధోముఖ శ్వానాసనంలో అరచేతి మొదలు మ్యాట్‌లోకి అంగుళంలో మూడో వంతు దిగిపోయేది, వేళ్ళు మాత్రం పైనే ఉండేవి. అంటే మణికట్టు మామూలుగా వంగవలసిన దానికన్నా ఎక్కువ వెనక్కి వంగేది. మూడు నెలలకు మోకాలి నొప్పి అలాగే ఉండి, దానికి మణికట్టు నొప్పి తోడైంది. నా పద్ధతిలోనే లోపం ఉందనుకుని వ్రేళ్ళు పరిచే తీరు మార్చుకున్నాను, మోచేతులు సర్దుకున్నాను. ఒకరోజు మ్యాట్ తీసేసి నేలమీద చేస్తే నొప్పి లేదని తెలిసింది.

మందం చూసి మ్యాట్ కొనడంలోని పొరపాటు ఏమిటో ఆ తరువాత ఒక కాగితం మీద లెక్క వేసుకుంటే అర్థమైంది. ఆ మ్యాట్ పొడవు 183 సెం.మీ., వెడల్పు 61 సెం.మీ., మందం 12 మి.మీ. కనుక దాని ఘనపరిమాణం సుమారు 13,400 ఘన సెంటీమీటర్లు. వంటింటి త్రాసు మీద చుట్టగా నిలబెట్టి తూస్తే బరువు 900 గ్రాములు. ఘన సెంటీమీటరుకు 0.07 గ్రాము కూడా లేదన్నమాట. దానిలో పదార్థం కన్నా గాలే ఎక్కువ. ఇప్పుడు నేను వాడుతున్న 4 మి.మీ. రబ్బరు మ్యాట్ పొడవు, వెడల్పు అవే, బరువు రెండున్నర కిలోలు; అంటే ఘన సెంటీమీటరుకు 0.56 గ్రాము, మొదటిదానికి ఎనిమిది రెట్లు పైనే. మందం మూడో వంతే ఉన్నా, బరువు మోపినప్పుడు అది అణిగిపోదు. మొదటిది చూడడానికి 12 మి.మీ. ఉన్నా మోకాలు ఆనించిన చోట అణిగి పల్చటి పొరగా మిగిలేది, టైల్ గట్టిదనం నేరుగా ఎముకకు తగిలేది. కాబట్టి దుకాణంలో అట్టపెట్టె మీద రాసిన మిల్లీమీటర్లను చదివి ఊరుకోకుండా, బరువు ఎంతో అడగండి. అది రాసి లేకపోతే బొటనవేలితో ఒకచోట గట్టిగా నొక్కి, అయిదు లెక్కపెట్టి వదలండి. వేలు అడుగున బల్ల తగిలిందంటే మోకాలికీ అదే తగులుతుంది. వేలు తీశాక గుంట మెల్లగా పూడుతున్నదంటే ఏడాది తిరిగేసరికి మీ మడమల గుర్తులు దానిమీద శాశ్వతంగా ఉండిపోతాయి. నా మ్యాట్ మీద ఉండిపోయాయి. పద్నాలుగు నెలలకు అంచులు సాగి, మధ్యలో గుంటలు పడి, ధనురాసనం వేసేచోట పెచ్చులూడింది.

అసలు మ్యాట్ అనే వస్తువు యోగాలోకి వచ్చింది మెత్తదనం కోసం కాదు, పట్టు కోసం. 1980ల తొలినాళ్ళలో ఏంజెలా ఫార్మర్ అనే యోగా శిక్షకురాలు జర్మనీలో నేర్పుతున్నప్పుడు, తివాచీ జారకుండా దాని కింద పరిచే పొరను మనిషి పొడవుకు కోసి ఆసనాలకు వాడారు. తరువాత ఆమె తండ్రి అలాంటి ముక్కలనే అమ్మకానికి పెట్టారు. ఈనాటి మ్యాట్లన్నీ ఆ జారని పొరకు వారసులే. దుకాణాల్లో కనిపించే 10, 12 మి.మీ. నురగ మ్యాట్లు నేలమీద వెల్లకిలా పడుకుని చేసే పొట్ట వ్యాయామాలకు బాగానే పనికొస్తాయి. నిలబడి, వంగి, చేతులమీద బరువు మోపి చేసే సాధనకు మాత్రం అవి తగవని నా నిశ్చితాభిప్రాయం.

రెండోది 6 మి.మీ. టీపీఈ (రబ్బరులా సాగే ఒక రకం ప్లాస్టిక్) మ్యాట్. 1,300 రూపాయలు, బరువు కిలో. రెండు రంగులు, ఒకవైపు గీతలు, రెండోవైపు నున్నగా. నాలుగేళ్ళు వాడాను. దీని మీద నాకు కోపం లేదు. నిలకడ ఉంది, వాసన లేదు, తేలిక, చంకన పెట్టుకుని మెట్లెక్కవచ్చు, తడిగుడ్డతో తుడిస్తే శుభ్రపడుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో దీన్ని మించింది లేదనిపించేది. మార్చి దాటాక మాత్రం అసలు గుణం బయటపడేది. టీపీఈ చెమటను పీల్చుకోదు, దాంతో చెమట పైనే నిలుస్తుంది. పదో సూర్య నమస్కారం వచ్చేసరికి అరచేతులు అర అంగుళం, అర అంగుళం చొప్పున ముందుకు జరుగుతుండేవి. జారకుండా ఉండడానికి భుజాలు బిగబట్టేదాన్ని, సాధన ముగిశాక మెడ పట్టేసేది. చేతిరుమాలు పక్కన పెట్టుకుని ప్రతి రెండు నమస్కారాలకూ తుడుచుకోవడం కొన్నాళ్ళు చేశాను. ఊపిరి లయ తప్పుతున్నదని మానేశాను. దీని చుట్టమీద ఆకుపచ్చ ఆకు బొమ్మ వేసి పర్యావరణ హితం అని రాశారు. పీవీసీ అనే మామూలు ప్లాస్టిక్‌తో పోలిస్తే ఏమోగాని, టీపీఈ కూడా పెట్రోలియం నుంచి వచ్చిన పదార్థమే, మట్టిలో కలిసిపోయేది కాదు. చెమట తక్కువ పట్టేవారికి, కొత్తగా మొదలుపెట్టి సాధన నిలబడుతుందో లేదో తెలియనివారికి, నేను ఇప్పటికీ దీన్నే కొనమంటాను. ఇప్పుడది మా ఇంటికి వచ్చే చుట్టాల కోసం అలమరాలో ఉంది.

పీవీసీ మ్యాట్లు నేను కొనలేదు, వెళ్ళే తరగతిలో వాడాను. బాగా దళసరిగా చేసిన రకం అయితే ఏళ్ళ తరబడి చెక్కుచెదరదు. కొత్తలో జారుడుగా ఉంటే దొడ్డు ఉప్పు చల్లి, తడి బ్రష్షుతో రుద్ది, ఒక రోజు ఉంచి తుడిస్తే పట్టు వస్తుంది. ఈ ఉప్పు చిట్కా పీవీసీకే, రబ్బరు మీద ప్రయోగించకండి. చవకరకం పీవీసీని మెత్తబరచడానికి కలిపే థాలేట్లనే రసాయనాల గురించి నాకు బెరుకు ఉంది. ముఖం ఆనించి పడుకునే వస్తువు కనుక అవి లేవని స్పష్టంగా రాసినదాన్నే ఎంచుకోవడం మేలు.

ఇక 2022లో కొన్న మూడోది, సహజ రబ్బరు మ్యాట్. 3,200 రూపాయలు. రబ్బరు పాలు మన దేశంలో ఎక్కువగా వచ్చేది కేరళ తోటల నుంచే. ఈ మ్యాట్ విప్పిన తొలిరోజు ఇల్లంతా కొత్త టైరు దుకాణంలా వాసన కొట్టింది. నీడపట్టున బాల్కనీలో దండెం మీద వేస్తే తొమ్మిది రోజులకు ఆ వాసన భరించగలిగే స్థాయికి వచ్చింది, పూర్తిగా పోవడానికి రెండు నెలలు పట్టింది. వాసన పడనివారు, రబ్బరు పాలంటే ఎలర్జీ ఉన్నవారు దీని జోలికి వెళ్ళకూడదు. బరువు కూడా తక్కువేమీ కాదు. రోజూ స్కూటర్ మీద తరగతికి మోసుకెళ్ళేవారికి రెండున్నర కిలోలు భారమే.

ఈ రెండు లోపాలనూ మొదటి వారంలోనే క్షమించేశాను. అరచేయి ఆనించిన మొదటి క్షణంలోనే తేడా తెలిసింది. చర్మం కింద మ్యాట్ ఉపరితలం పిల్లి నాలుకలా గరుకుగా తగిలి, చేతిని అక్కడే ఆపేసింది. వీరభద్రాసనంలో వెనక కాలు జారుతుందన్న భయం పోయాక, తొడ కండరాలను ఎంతగా బిగబట్టి ఇన్నేళ్ళూ నిలబడ్డానో తెలిసి వచ్చింది. ముచ్చెమటలు పోసే రోజుల్లో కొంత జారుడు దీనికీ ఉంది, కాని టీపీఈతో పోలిస్తే నాలుగో వంతు కూడా కాదు. పైన పాలీయురిథేన్ అనే ప్లాస్టిక్ పొర ఉన్న రబ్బరు మ్యాట్లు తడిచేతులకు ఇంకా బాగా పట్టునిస్తాయి. మా తరగతిలో ఒకామె దగ్గర ఉంటే వాడి చూశాను, చేతులు అతుక్కుపోయినట్టే ఉన్నాయి. ఆ పొర చెమటతోపాటు నూనెనూ పీల్చుకుంటుంది, ప్రతి వేలిముద్రా మరకగా నిలుస్తుంది. తలకు కొబ్బరినూనె రాసుకోవడం మానని నాబోటివారికి అది తగదు.

మరి 4 మి.మీ. మందం మోకాళ్ళకు చాలుతుందా అని మీరు అడగవచ్చు. చాలదు, కాని మోకాలు ఆనేది రెండు మూడు ఆసనాల్లోనే. ఉష్ట్రాసనం, మార్జాలాసనం వేసేటప్పుడు మోకాలి కింద ఒక ముక్క వేసుకుంటే సరిపోతుంది. ఆ అయిదు నిమిషాల కోసం తక్కిన నలభై అయిదు నిమిషాలూ పరుపు మీద తూలడం ఎందుకు?

పొడవు విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. మార్కెట్లో ఎక్కువగా దొరికేవి 173 సెం.మీ., 183 సెం.మీ. పొడవున్నవి. 173 సెం.మీ. అంటే అయిదడుగుల ఎనిమిది అంగుళాలు. మీ ఎత్తు అంతకు తక్కువే కదా అని దానితో సరిపెట్టుకోకండి. శవాసనంలో మడమలు, తల వెనక భాగం రెండూ మ్యాట్ మీదే ఉండి, ఇంకా జానెడు మిగలాలి.

నాలుగో వస్తువు మ్యాట్ కాదు. 2023లో వరంగల్‌లో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు కొత్తవాడలో కొన్న నూలు జంపఖానా. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పెళ్ళిళ్ళలో, భజనల్లో పరిచే పెద్ద జంపఖానాలు అందరికీ తెలిసినవే గాని, రెండడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు ఉన్న చిన్నవి కూడా అక్కడ దొరుకుతాయని నాకు అప్పటిదాకా తెలియదు. నీలం, ఎరుపు చారలు, రెండు చివరలా ముడివేసిన కుచ్చులు, 750 రూపాయలు. దుకాణంలోని పెద్దాయన దాన్ని అరచేతిమీద వేసి రెండో చేత్తో చరిచి, "చూడమ్మా, నేత గట్టిగా ఉంటే చప్పుడు ఇట్ల వస్తది" అన్నారు. అది మ్యాట్లను నొక్కి చూసే నా బొటనవేలి పరీక్ష కన్నా మేలైన పరీక్ష.

జంపఖానాను ఉత్త టైల్స్ మీద పరిచి నిలబడితే కాళ్ళతో సహా జారుతుంది, ఆ సాహసం చేయకండి. రబ్బరు మ్యాట్ మీద పరిస్తే మాత్రం అంగుళం కదలదు. రబ్బరు నేలను పట్టుకుంటుంది, జంపఖానా రబ్బరును పట్టుకుంటుంది, నూలు చెమటను తాగుతుంది. మే నెలలో నా సాధన ఈ రెండు పొరల మీదే. ప్రాణాయామానికి కూర్చునేటప్పుడు దాన్నే నాలుగు మడతలు వేసి పిరుదుల కింద పెట్టుకుంటాను, నడుము దానంతట అదే నిటారవుతుంది. భగవద్గీత ఆరో అధ్యాయంలో ధ్యానానికి ఆసనం మరీ ఎత్తూ మరీ పల్లమూ కాకుండా, దర్భ మీద చర్మం, దానిమీద వస్త్రం ఉండేలా అమర్చుకొమ్మని ఉంది. ఒకే వస్తువుతో అన్నీ సాధించాలనుకోవడం కన్నా పొరలు వేసుకోవడం మేలని ఆ కాలంలోనే తెలుసుకున్నారనుకుంటాను. దీని లోపమల్లా వానాకాలంలోనే. ఉతికితే బరువెక్కి, ఆగస్టు ముసురులో ఆరడానికి మూడు రోజులు తీసుకుంటుంది. ఒకసారి పూర్తిగా ఆరకముందే మడిచి పెట్టినందుకు మడతల్లో నల్లటి బూజు చుక్కలు పడ్డాయి. అవి ఇప్పటికీ పోలేదు. మొదటిసారి ఉతికేటప్పుడు రంగు దిగుతుంది కనుక, విడిగా చన్నీళ్ళలోనే ఉతకాలి.

రబ్బరు మ్యాట్ సంరక్షణ గురించి నేను నేర్చుకున్నదంతా దాన్ని పాడుచేసుకునే నేర్చుకున్నాను. కొన్న ఆరో నెలలో నేను ఊరికి వెళ్ళి వచ్చేసరికి మ్యాట్ బాల్కనీలో నడి ఎండలో ఆరుతున్నది. "మురికి పట్టింది గదమ్మా, సబ్బుపొడి పెట్టి బ్రష్షుతో బాగా తోమేశాను" అని మా పనిమనిషి సంతోషంగా చెప్పింది. ఆమెను ఏమనగలను? చాపలు ఉతికే పద్ధతి అదే. ఎలా శుభ్రం చేయాలో చెప్పి వెళ్ళకపోవడం నా తప్పే. మధ్యాహ్నం ఎండకు రెండు గంటలున్న ఒక అంచు బిరుసెక్కింది, వంచితే జుట్టంత సన్నని పగుళ్ళు కనిపించాయి. తోమినచోట ఉపరితలపు గరుకుదనం కొంత అరిగింది. సహజ రబ్బరుకు ఎండ శత్రువు. అతినీల లోహిత కిరణాలు, వేడి, గాలిలోని ఓజోన్ కలిసి దాన్ని పెళుసుబారేలా చేస్తాయి. ఆ కారణం చేతనే ఎండలో నిలిపిన కారు డిక్కీలో కూడా దాన్ని వదలకూడదు.

నూనె మరో శత్రువు. నూనె తగిలినచోట రబ్బరు ఉబ్బి, మెత్తబడి, కొన్నాళ్ళకు జిగురు తేలుతుంది. నా మ్యాట్ తల పెట్టే చోట అరచేయంత మరక అలాంటిదే. ఇప్పుడు తలకింద ఒక పాత తువ్వాలు వేసుకుంటున్నాను, కాళ్ళకు చేతులకు లేపనాలు సాధన అయ్యాకే రాస్తున్నాను. టీ ట్రీ నూనె కలిపిన నీళ్ళు చల్లమని కొందరు సలహా ఇస్తారు, నూనె పేరు వినగానే నేను ఆగిపోతాను. వెనిగర్ కూడా రబ్బరు మ్యాట్లకు వద్దని కొందరు తయారీదారులు చెబుతారు, నేను వాడను.

చేయవలసింది నిజానికి చాలా తక్కువ. రోజూ సాధన ముగిశాక, నీళ్ళలో ముంచి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో ఒకసారి తుడిచి, పావుగంట ఫ్యాను కింద ఉంచి చుడతాను. పదిహేను రోజులకొకసారి, అర బకెట్టు గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే ద్రవం రెండు మూడు చుక్కలు మాత్రం వేసి, ఆ నీటితో రెండువైపులా తుడుస్తాను. తరువాత ఉత్త నీళ్ళతో ఇంకోసారి తుడవడం మరచిపోకూడదు. సబ్బు జిగట మిగిలితే మరునాడు చేతులు జారతాయి, చాలామంది మ్యాట్ పాతబడిందనుకునేది ఇందుకే. ఆపైన నీడలో, గాలి తగిలేచోట, వెడల్పాటి కుర్చీ వీపు మీద వేసి ఆరనిస్తాను. సన్నని తాడు మీద వేస్తే తాడు పడినచోట మడత నిలిచిపోతుంది. వాషింగ్ మెషీన్‌లో వేయడం రబ్బరు మ్యాట్ విషయంలో ఆలోచించవలసిన పనే లేదు. నానిన రబ్బరు బరువుకు, తిప్పుడుకు చిరిగిపోతుంది.

చుట్టే తీరు కూడా తెలుసుకోవలసినదే. మనమందరం అలవాటుగా పాదాలు పెట్టే వైపు లోపలికి వచ్చేలా చుడతాం. అలా చుడితే విప్పిన ప్రతిసారీ రెండు కొసలూ పైకి లేచి వేళ్ళకు తగులుతాయి. పై వైపు బయటికి ఉండేలా చుట్టి చూడండి, పరిచినప్పుడు కొసలు నేలకు అణిగి ఉంటాయి. మడతపెట్టడం మాత్రం వద్దు. చుట్టను గోడకు ఆనించి నిలబెట్టకుండా పడుకోబెట్టి ఉంచితే కింది అంచు నలగదు.

మూడేళ్ళు దాటిన నా రబ్బరు మ్యాట్ మీద ఇప్పుడు రెండు చోట్ల, సూర్య నమస్కారంలో కుడి, ఎడమ పాదాలు వెనక్కి వెళ్ళి ఆగేచోట, గరుకుదనం పోయి నున్నబడింది. మ్యాట్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి పరుచుకుంటున్నాను కనుక మరో ఏడాది రెండేళ్ళు వస్తుందనుకుంటున్నాను. వేలితో రుద్దితే నల్లటి పొడి రాలడం మొదలైన రోజున మారుస్తాను, మళ్ళీ ఇదే రకం కొంటాను, ఈసారి 5 మి.మీ. మందం దొరికితే అది.

మొదటి నురగ మ్యాట్‌ను పారేయలేదు. గుంటలు పడని భాగం చూసి కూరగాయల కత్తితో నాలుగు ముక్కలు కోశాను. ఒకటి ఉష్ట్రాసనంలో మోకాళ్ళ కింద వేసుకునేది. రెండోది పూజగదిలో కూర్చోవడానికి. మూడోదాన్ని మా పనిమనిషి ఇల్లు తుడిచేటప్పుడు మోకాళ్ళ కింద పెట్టుకుంటానని తీసుకుంది. నాలుగోది గ్రైండరు కింద ఉంది, అదీ ఇప్పుడు చప్పుడు చేయడం లేదు.